రక్షించేదెవరు? రక్షణ పొందేదెవరు?
క్రైస్తవ రక్షణ భావనపై రెండు బౌద్ధ ప్రశ్నల పునఃపరిశీలన

క్రైస్తవాన్ని బౌద్ధ దృష్టితో చర్చించే సందర్భాలలో మార్గదాత, మోక్షదాత అన్న జంట పదాలు తరచుగా వినిపిస్తాయి. 1957లో, రచయిత మరణానంతరం వెలువడిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ ఈ భేదాన్ని స్పష్టంగా నిలిపారు. బుద్ధుడు తన ధమ్మంలో తనకు ప్రత్యేక స్థానమేదీ కల్పించుకోలేదని, మోక్షం ప్రసాదిస్తానని మాట ఇవ్వలేదని, దారి చూపేవాడిననే చెప్పుకొన్నాడని ఆ గ్రంథం వాదిస్తుంది. క్రీస్తు విషయంలో మాత్రం ఆయనను దైవకుమారుడిగా అంగీకరించడమే రక్షణకు షరతు అయిందని చూపుతుంది. రక్షించేదెవరు అన్న ప్రశ్న ఇక్కడ నుంచి పుడుతుంది.

రెండవ ప్రశ్న ఇంకా పాతది. 1873 ఆగస్టు 26, 28 తేదీలలో శ్రీలంకలోని పానదురలో మిగెట్టువత్తె గుణానంద థేరునికీ క్రైస్తవ బోధకులకూ మధ్య బహిరంగ వాదం జరిగింది. వెస్లియన్ బోధకుడు డేవిడ్ డి సిల్వా తన తొలి ప్రసంగంలోనే అనాత్మ సిద్ధాంతాన్ని లక్ష్యంగా చేసుకొన్నాడు. ఆత్మ లేదంటే మనిషికీ పశువుకూ తేడా ఏమిటి, పాపపుణ్యాల ఫలం అనుభవించేదెవరు అన్నది ఆయన వాదసారం. రక్షణ పొందేదెవరు అన్న ప్రశ్న ఆ వేదికపైనే నిలిచింది. విచిత్రమేమంటే, 102 సంవత్సరాల తర్వాత అదే ద్వీపంలో, అదే మెథడిస్టు సంప్రదాయానికి చెందిన మరొక డి సిల్వా అనాత్మ సిద్ధాంతం బైబిలుకు విరుద్ధం కాదని, పైగా దాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుందని ఒక గ్రంథమే రాశారు.

ఈ రెండు ప్రశ్నలను విడివిడిగా చర్చించడం ఆనవాయితీ. నిజానికి మొదటిదానికి దొరికే సమాధానం రెండవదాని మీద ఆధారపడి ఉంది. ఈ సంబంధాన్ని గమనించకపోవడం వల్ల బౌద్ధ విమర్శ కొన్నిచోట్ల గురి తప్పింది. మరికొన్నిచోట్ల గట్టిగా నిలవవలసిన చోట నిలవలేదు.

ముందుగా పదాన్ని పరిశీలించాలి. తెలుగు క్రైస్తవులు 'మోక్షం' అనరు, 'రక్షణ' అంటారు. ఈ ఎంపిక సామాన్యమైనది కాదు. మోక్షం అంటే బంధం నుంచి విడిపోవడం. రక్షణ అంటే ఆపదలో ఉన్నవానిని మరొకరు కాపాడటం. మొదటి పదంలో రెండవ వ్యక్తి అవసరం లేదు. రెండవ పదంలో ఆ వ్యక్తి లేకుండా అర్థమే ఏర్పడదు. హెబ్రీ భాషలోని 'యాషా' ధాతువు ఈ రెండవ అర్థాన్నే ఇస్తుంది. యేసు అన్న పేరు కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. హెబ్రీ గ్రంథంలో ఆ ధాతువుకు ప్రధాన సందర్భం మరణానంతర స్వర్గం కాదు. ఐగుప్తులో వెట్టిచాకిరి చేస్తున్న ఒక జనసమూహం బానిసత్వం నుంచి బయటపడటం. నిర్గమకాండపు ఈ చారిత్రక స్మృతిని వదిలి రక్షణను కేవలం వ్యక్తిగత ఆత్మ పరలోక ప్రవేశంగా చూపే బోధ క్రైస్తవులలో ఎంత ప్రచారంలో ఉన్నా, మూలగ్రంథాల పరిధిని అది కుదిస్తుంది.

గ్రీకులో 'సోజో' అన్న క్రియకు కాపాడటం, స్వస్థపరచడం అన్న రెండు అర్థాలూ ఉన్నాయి. మార్కు సువార్త 5వ అధ్యాయంలో రక్తస్రావంతో బాధపడిన స్త్రీతోను, లూకా సువార్త 7వ అధ్యాయంలో పాపాత్మురాలిగా పేరుపడిన స్త్రీతోను యేసు పలికిన మాట గ్రీకులో ఒక్కటే. తెలుగు బైబిలు మొదటిచోట స్వస్థపరచుట అని, రెండవచోట రక్షించుట అని అనువదించింది. సందర్భాన్ని బట్టి రెండూ సరైన అనువాదాలే. కాని ఒకే పదం రెండుగా చీలడం వల్ల దేహానికి జరిగింది వైద్యమని, ఆత్మకు జరిగింది రక్షణ అని తెలుగు పాఠకుడు భావించే అవకాశం ఏర్పడింది. మూలంలో ఆ గోడ లేదు. లూకా 19లో సుంకపు గుత్తదారు జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నప్పుడు ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు ప్రకటిస్తాడు. అక్కడ రక్షణ ఒక ఇంటికి వచ్చింది. ఆ రోజే వచ్చింది. డబ్బు లెక్కలు మారడంతో కలిసి వచ్చింది.

కొత్త నిబంధనలో రక్షణ మూడు కాలాలలో కనిపిస్తుంది. ఎఫెసీయులకు రాసిన పత్రికలో అది జరిగిపోయినది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో జరుగుతున్నది. రోమీయులకు రాసిన పత్రికలో జరగబోయేది. అదే రోమీయ పత్రిక 8వ అధ్యాయంలో మానవులే కాక సృష్టి అంతా విడుదల కోసం మూలుగుతున్నట్లు చెప్పబడింది. కనుక 'నమ్మిన క్షణాన పూర్తయిపోయే వ్యవహారం' అని రక్షణను వర్ణించే విమర్శకుడు ఒక కాలాన్ని తీసుకొని మిగిలిన రెండింటిని విడిచిపెట్టినట్లే.

ఇక సిద్ధాంతపక్షం. మనిషి ఏ ఆపద నుంచి రక్షింపబడాలి? క్రైస్తవం చెప్పే సమాధానం పాపం. ఇక్కడ పాపమంటే తప్పుల జాబితా మాత్రమే కాదు, దేవునితోను తోటివారితోను సంబంధం తెగిపోయిన స్థితి. తెగిన సంబంధాన్ని తెంచుకొన్నవాడే తిరిగి కలపగలడా అన్న చోట క్రైస్తవులలోనే దీర్ఘకాలిక వివాదం నడిచింది. మంచిని ఎంచుకొనే శక్తి మానవ స్వభావంలోనే ఉందని పెలాజియస్ అన్నాడు. ఆ సంకల్పమే గాయపడి ఉందని, కృప ముందుగా రాకపోతే అది మంచివైపు కదలలేదని అగస్తీన్ వాదించాడు. 418లో కార్తేజి సభ పెలాజియస్ మార్గాన్ని ఖండించింది. 16వ శతాబ్దంలో లూథర్ లేవనెత్తిన వివాదానికి కేంద్రం ఇదే. 1547లో ట్రెంట్ సభ కృపకు మానవుడు సహకరించడం గురించి తన నిర్ణయాన్ని ప్రకటించింది. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘము, ప్రపంచ లూథరన్ సమాఖ్య కలిసి సంతకం చేసిన ప్రకటన ఈ చీలికలో ముఖ్యభాగాన్ని సరిదిద్దింది: మనిషి అంగీకరింపబడేది కృప వల్లనే, తన యోగ్యత వల్ల కాదు; ఆ కృపయే మనిషిని సత్కార్యాలకు సిద్ధం చేస్తుంది.

మరొక విషయం బౌద్ధ పండితులు తప్పక గమనించదగినది. క్రీస్తు ఎవరన్న ప్రశ్నకు 325లో నికేయా సభ, 451లో కల్సెదోను సభ నిర్దిష్టమైన సమాధానాలిచ్చాయి. కాని క్రీస్తు మరణం ఏ విధంగా రక్షిస్తుందన్న ప్రశ్నకు ప్రాచీన సార్వత్రిక సభలేవీ ఒకే వివరణను నిర్ణయించలేదు. దేవుని గౌరవానికి జరిగిన లోటును క్రీస్తు తీర్చాడని 11వ శతాబ్దాంతంలో అన్సెల్మ్ వివరించాడు. సిలువలో వ్యక్తమైన ప్రేమ మనిషి హృదయాన్ని మార్చుతుందని అబెలార్డ్ నొక్కిచెప్పాడు. మనిషిని దైవస్వభావంలో పాలుపంచుకొనేలా చేయడానికే అవతరణ జరిగిందని అతనసియస్‌ను అనుసరించే తూర్పు సంఘాలు బోధిస్తాయి. ఒకరి శిక్షను మరొకరు భరించడం కర్మనియమానికీ న్యాయానికీ విరుద్ధమన్న బౌద్ధ ఆక్షేపణ ఈ వివరణలలో ఒక శాఖకు బలంగా తగులుతుంది. వీధిసభలలో ఎక్కువగా వినిపించేది ఆ శాఖే కనుక ఆక్షేపణ అసందర్భమేమీ కాదు. అయితే దానితో రక్షణ సిద్ధాంతమంతా ఖండింపబడిందనడం తొందరపాటు.

ఈ నేపథ్యంలో మార్గదాత, మోక్షదాత భేదాన్ని మళ్ళీ చూడాలి. అంబేడ్కర్ విమర్శలో తిరుగులేని భాగం ఒకటి ఉంది. తన వ్యక్తిత్వాన్ని అంగీకరించడం విముక్తికి షరతుగా ఏ బోధకుడు విధించినా, బోధను పరీక్షించే స్వేచ్ఛ అక్కడ ముగుస్తుంది. తరతరాలుగా ఇతరుల దయపై ఆధారపడాలని శాసింపబడిన ప్రజలకు ఈ విషయం కేవలం తాత్త్విక చర్చ కాదు, ఆత్మగౌరవ ప్రశ్న. ఆ ప్రజలనుద్దేశించి రాసిన గ్రంథం దానిని అగ్రస్థానంలో నిలపడం సహజం. క్రైస్తవ చింతకులలో సైతం ఈ ఒత్తిడి పనిచేసింది. 1971లో ఎం.ఎం. థామస్ రక్షణకూ మానవీకరణకూ గల సంబంధంపై గ్రంథం రాయడం, బ్యాంకాక్‌లో 1973లో ముగిసిన ప్రపంచ సంఘాల సమావేశం 'నేటి రక్షణ' అన్న అంశాన్ని చేపట్టడం ఆ ఒత్తిడికి నిదర్శనాలు.

విమర్శ గురి తప్పేది వేరొక చోట. వరం ఉంటే మార్గం ఉండదని, మార్గం ఉంటే వరానికి చోటు లేదని అది ముందుగానే అనుకొంటుంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో పౌలు తమ రక్షణను తామే భయభక్తులతో కొనసాగించుకోవాలని ఆదేశించి, వెంటనే తరువాతి వాక్యంలో వారిలో ఆ సంకల్పాన్ని కలిగించేది దేవుడేనని చెబుతాడు. ఆయన దృష్టిలో ఈ రెండూ పోటీపడే శక్తులు కావు. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు పత్రిక చెప్పడం ఇందుకు తోడు. కనుక క్రైస్తవుడు చేతులు ముడుచుకొని మోక్షం కోసం ఎదురుచూసేవాడన్న చిత్రం ఆ గ్రంథాల ముందు నిలవదు.

బౌద్ధపక్షంలోనూ ఈ జంట పదాలు ఎన్నో విషయాలను మరుగుపరుస్తాయి. శుద్ధి, అశుద్ధి ఎవరికి వారివేనని, తథాగతులు చెప్పేవారు మాత్రమేనని ధమ్మపదం బోధిస్తుంది, ఇది నిర్వివాదం. కాని సంయుత్తనికాయంలోని అసంఖత సంయుత్తం నిర్వాణానికి ఇచ్చే పేర్లలో తాణం, లేణం, సరణం, పరాయణం ఉన్నాయి. తాణం అంటే సంస్కృతంలో త్రాణం, తెలుగులో రక్షణే. కల్యాణమిత్రత బ్రహ్మచర్యంలో సగమన్న ఆనందుణ్ణి సరిదిద్ది, అది సమస్త బ్రహ్మచర్యమేనని బుద్ధుడు చెప్పిన సుత్తంలో, తనను కల్యాణమిత్రునిగా ఆశ్రయించిన ప్రాణులు జన్మ నుంచి విముక్తులవుతారన్న మాట కూడా ఉంది. బుద్ధునికి ధమ్మంలో ఏ స్థానమూ లేదన్న వాక్యానికి ఈ సుత్తం ఒక సవరణ కోరుతుంది.

శాసనాల సాక్ష్యం కూడా ఇదే వైపు చూపుతుంది. నాగార్జునకొండ మహాచైత్యపు ఆయక స్తంభ శాసనాలలో ఇక్ష్వాకు రాజకుటుంబపు చాంతిసిరి తాను పుట్టిన, మెట్టిన రెండు కులాలలోని గత, వర్తమాన, భావి సభ్యులకు తన దానఫలాన్ని పరిణామన చేసింది. ఉభయలోక హితసుఖాలను, తనకు నిర్వాణాన్ని, సర్వలోకానికి క్షేమాన్ని కోరింది. పుణ్యాన్ని ఇతరులకు పంచవచ్చునన్న విశ్వాసం లేకుండా ఆ శాసనం అర్థం కాదు. కృష్ణాతీరంలో 3వ, 4వ శతాబ్దాల నాటి ఉపాసకులు 'ఎవరి ముక్తి వారిదే' అన్న సూత్రాన్ని ఏకాంత నియమంగా పాటించలేదు.

అయితే ఈ సారూప్యాలను చూసి రెండు ధర్మాలూ ఒకటేనని తేల్చడం మరింత పెద్ద పొరపాటు. కల్యాణమిత్రుని సహాయం గాని, పుణ్య పరిణామన గాని హేతుప్రత్యయాల పరిధిలోనే పనిచేస్తాయి. బుద్ధుని మాట విన్నవాడు దానిని మనసులో నిలిపి, ఆచరించి, చూడాలి. మరొకరి అవిద్యను ఎవరూ తీసివేయలేరు. క్రైస్తవ కృప ఆ శృంఖలకు వెలుపలి నుంచి, అన్ని ప్రత్యయాలకు కర్త అయిన దేవుని నుంచి వస్తుంది. వ్యాధి నిర్ణయమే వేరు: ఒకచోట అవిద్య, తృష్ణ, మరొకచోట తెగిన సంబంధం. అవిద్యకు మందు దర్శనం. తెగిన సంబంధానికి మందు క్షమ; క్షమను ఎవరికి వారు ఇచ్చుకోలేరు. రక్షణలో రెండవ వ్యక్తి ఎందుకు తప్పనిసరో ఇక్కడ తెలుస్తుంది. కాబట్టి వివాదం నిజంగా దాత గురించి కాదు. ఏ దుఃఖం మూలదుఃఖం అన్న విషయం గురించి.

ఇక్కడే రెండవ ప్రశ్న ఎదురవుతుంది. సంబంధం తెగినది ఎవరిది? క్షమ పొందేది ఎవరు? కొలంబోలో మతసంవాద సంస్థకు సంచాలకుడిగా పనిచేసిన లిన్ డి సిల్వా (1919–1982) 1975లో ప్రచురించి, 1979లో లండన్ నుంచి తిరిగి వెలువరించిన 'ది ప్రాబ్లెం ఆఫ్ ది సెల్ఫ్ ఇన్ బుద్ధిజం అండ్ క్రిస్టియానిటీ' ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొంటుంది. ఆయన వాదం సంక్షిప్తంగా ఇది: అమరమైన ఆత్మ దేహంలో బందీగా ఉందన్న భావం గ్రీకు తత్త్వం నుంచి క్రైస్తవంలోకి వచ్చి చేరింది. బైబిలు మనిషి మట్టి నుంచి పుట్టి మట్టికి చేరే సృష్టి. దేహం, ప్రాణం విడదీయరాని ఏకత్వం. తనంతట తాను నిలిచేది అతనిలో ఏదీ లేదు. ఆ మేరకు బుద్ధుని అనాత్మ సత్యమే. అయితే బైబిలు న్యూమాను, అనగా దైవశ్వాసతో కూడిన సంబంధమయ జీవితాన్ని, దానికి చేర్చుతుంది. మనిషి తనలో తాను శూన్యుడు. సంబంధంలో మాత్రమే వ్యక్తి. ఈ రెంటినీ కలిపి లిన్ డి సిల్వా 'అనత్తా-న్యూమా' అన్న సమాసాన్ని కల్పించారు.

పానదుర వాదంతో పోల్చినప్పుడు ఈ గ్రంథపు ధైర్యం తెలుస్తుంది. తన పూర్వికుడు ఆయుధంగా వాడినదాన్ని ఆయన వదిలివేశారు. రక్షణ అంటే అమరాత్మ నరకం తప్పించుకోవడం అన్న ప్రచార చిత్రాన్ని క్రైస్తవం లోపలి నుంచే ఖండించారు. దక్షిణాసియా మతసంవాద చరిత్రలో ఇది చిన్న విషయం కాదు.

ఈ వాదం తెలుగులోకి రాగానే ఒక చిక్కు పుడుతుంది. తెలుగు బైబిలు న్యూమాను 'ఆత్మ' అని, పరిశుద్ధ న్యూమాను 'పరిశుద్ధాత్మ' అని అనువదించింది. ఆ లెక్కన 'అనత్తా-న్యూమా' తెలుగులో 'అనాత్మ-ఆత్మ' అవుతుంది, అది వ్యాఘాతం. ఆదికాండము 2వ అధ్యాయంలో మట్టిమనిషిలో శ్వాస ఊదగా అతడు 'నెఫెష్' అయినప్పుడు తెలుగు పాఠం 'జీవాత్మ' అన్న మాటను వాడింది. హెబ్రీలో ఊపిరి తీసే ప్రాణిని సూచించే పదం తెలుగులో వేదాంత పరిభాషను ధరించింది. లిన్ డి సిల్వా గ్రీకు ప్రభావంగా భావించి తొలగించదలచినదే తెలుగులో అనువాదం ద్వారా మరొక ద్వారం నుంచి లోపలికి వచ్చింది. తెలుగు బౌద్ధుడు 'క్రైస్తవం ఆత్మవాదం' అన్నప్పుడు అతడు ఎక్కువగా ఈ అనువాదాన్నే ఖండిస్తున్నాడు. పానదురలో గుణానందుడు కూడా బైబిలు సింహళ అనువాదంలోని ఒక మాటను పట్టుకొని మూలంతో పోల్చి ప్రశ్నించాడు. ఆ పద్ధతి నేటికీ అనుసరణీయం.

అనువాదాన్ని సరిదిద్దినా గ్రంథంలోని మూల సమస్య మిగులుతుంది. అందులో అనాత్మ నేలను చదునుచేస్తుంది, న్యూమా దానిపై ఇల్లు కడుతుంది. అనాత్మ సగం సత్యమై, దైవంతో పూర్తి కావలసినదవుతుంది. కాని సబ్బే ధమ్మా అనత్తా అన్నప్పుడు సంబంధాలు, వాటి ఆలంబనలు, నిర్వాణం సైతం ఆ వాక్య పరిధిలోకే వస్తాయి. తనను నిలబెట్టే ఆధారం కావాలన్న కోరికను కూడా అనాత్మ దర్శనం ప్రశ్నిస్తుంది. ఉదానంలోని అజాత, అభూత, అసంస్కృత ప్రస్తావనను దైవసూచనగా చదవడానికి ఆయన చేసిన ప్రయత్నం ఇందువల్లనే నిలవదు. ఆ సుత్తంలో సృష్టికర్త లేడు, పిలిచే వ్యక్తి లేడు. ఉన్నది నిస్సరణం, అంటే బయటపడే వీలు, మాత్రమే.

మరొక చోట ఆయన ఇబ్బంది బౌద్ధుల ఇబ్బందికి చాలా దగ్గర. అమరాత్మ లేకపోతే పునరుత్థానంలో లేచేది మరణించినవాడేనా, అతని ప్రతిరూపమా? మిలిందపఞ్హలో నాగసేనుడు పునర్జన్మ గురించి ఇచ్చిన సమాధానం, వాడే కాదు, వేరొకడూ కాదు అన్నది. లిన్ డి సిల్వా చెప్పే పునఃసృష్టి సారంలో ఈ సమాధానానికి పొరుగునే ఉంది. భేదం ఒక్కటే: నాగసేనుని వాదంలో కొనసాగింపును కలిపి ఉంచేది హేతుసంతతి; క్రైస్తవ వాదంలో దేవుని విశ్వసనీయత. మరణించినవాడిలో మిగిలేదేమీ లేకపోయినా దేవుడు అతన్ని మరచిపోడు కనుక అతడు నశించడు. రక్షించేదెవరు అన్న ప్రశ్నకు క్రైస్తవం ఎందుకంత పట్టుదలతో ఒకే సమాధానం ఇస్తుందో ఇక్కడ బోధపడుతుంది. రక్షింపబడేవానిలో తనకంటూ నిలిచే సారం లేదు కనుకనే రక్షకుడు అనివార్యుడు.

అంటే అనాత్మను అంగీకరించిన క్రైస్తవుడు మోక్షదాతకు మరింత దగ్గరవుతాడు. అనాత్మను అంగీకరించిన బౌద్ధుడు దాత, గ్రహీత అన్న విభాగాన్నే దాటుతాడు. ఒకే ప్రారంభవాక్యం నుంచి రెండు దారులు చీలాయి. మార్గదాత, మోక్షదాత భేదం ఈ చీలికను బయటి నుంచి గుర్తించింది. దాని కారణాన్ని చూపలేదు. లిన్ డి సిల్వా కారణాన్ని సమీపించారు. చీలికను తక్కువగా చూపారు.

బౌద్ధపక్షం సమాధానం చెప్పవలసిన ప్రశ్నను కూడా ఆ గ్రంథం మిగిల్చింది. వ్యక్తి కేవలం వ్యవహార సత్యమైతే, బాధపడేవాని పట్ల కరుణకు ఆధారం ఏమిటి? ఈ ప్రశ్నకు బోధిచర్యావతారం 8వ పరిచ్ఛేదంలో శాంతిదేవుడు సమాధానం ఇచ్చాడు: దుఃఖానికి యజమాని లేడు కనుకనే, తనది పరులది అన్న భేదం లేకుండా దాన్ని నివారించాలి. ఈ సమాధానం క్రైస్తవునికి తృప్తినివ్వకపోవచ్చు. పేరుపెట్టి పిలవబడటం, క్షమింపబడటం అన్న అనుభవానికి అందులో చోటెక్కడ అని అతడు అడుగుతాడు. ఆ అడగడంలో న్యాయముంది.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో ఒకే కుటుంబంలో ఒకరు చర్చికి, మరొకరు బుద్ధవిహారానికి వెళ్ళే ఇళ్ళు ఉన్నాయి. అటువంటి ఇళ్ళలో ఈ చర్చ గ్రంథాలకు పరిమితం కాదు. మరణించిన తల్లి కోసం ఏ ప్రార్థన చేయాలి, ఏ పరిత్త పఠించాలి అన్న సందర్భంలో వస్తుంది. అక్కడ 'మీది దానం, మాది ప్రయత్నం' అన్న మాట ఇద్దరినీ గాయపరుస్తుంది. 'అన్నీ ఒకటే' అన్న మాట ఇద్దరి విశ్వాసాన్నీ చిన్నబుచ్చుతుంది. క్రైస్తవ భావనకు రక్షణ అన్న పదాన్నే వాడి, దానికి నిర్వాణాన్ని పర్యాయంగా చేయకుండా, ఆత్మ అన్న మాట ఎదురైన ప్రతిచోటా మూలపదం ఏదో విచారించి మాట్లాడటం పండితులు, భిక్షువులు వెంటనే చేపట్టదగిన పని. ఆ తర్వాత మిగిలే భేదాలు నిజమైన భేదాలే అవుతాయి.